అనధికార చల్లదనం

మానవజాతి ఎండకు భయపడి ముందు గొడుగును కనిపెట్టింది. ఆ తరువాత, ఆ గొడుగును ఎవరు, ఎప్పుడు, ఎవరి అనుమతితో విప్పాలో తేల్చడానికి కమిటీని కనిపెట్టింది. రెండింటిలో ఇంతవరకూ చిరుగు పట్టకుండా నిలిచింది కమిటీయే.

అటువంటి కమిటీల్లో మేలురకంది ఒకటి ఆ ఎత్తయిన ఇళ్ళ సముదాయంలో వెలిసింది. దాని పూర్తి పేరు వేసవికాల శునక వ్యాయామ భద్రతా ఉపసంఘం. పుట్టుక వెనక ఒక విషాదం ఉంది. పోయిన వేసవిలో సముదాయపు అధ్యక్షులవారు మిట్టమధ్యాహ్నం ఫోన్లో మాట్లాడుతూ తమ కుక్కను నడకదారి చుట్టూ తిప్పారు. కాసేపటికి ఫోను వేడెక్కి ఆగిపోయింది. అప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, కుక్క ఎప్పుడో చతికిలబడి కాలిన పాదాలు నాక్కుంటోంది. అధ్యక్షులవారు నిజంగానే ఎంతో బాధపడ్డారు. ఆ బాధలో, ఇకమీదట ఎవరూ తమ కుక్కను తమ ఇష్టం వచ్చిన వేళకు తిప్పరాదని తీర్మానించారు.

ఈ సంగతులేవీ అక్కడే కాపురముండే మన కళ్ళజోళ్ళాయన చెవిన పడేవి కావు, వాళ్ళ అత్తగారి మోకాలు మొరాయించకపోయి ఉంటే. ఆయనకు వీధి మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. పొద్దస్తమానం జనం కళ్ళముందు అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇది బాగుందా? పోనీ, ఇది బాగుందా?" అని అడగడం ఆయన వృత్తి. (ఇంట్లో ఆయన్ని ఆ ప్రశ్న ఎవరూ అడిగిన దాఖలా లేదు.) అత్తగారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని, కోలుకునేదాకా చిన్నకూతురి ఇంట్లో ఉండటానికి బయలుదేరుతూ, తన కుక్క గొలుసు తెచ్చి అల్లుడి చేతికిచ్చింది.

"బాబూ, మా అమ్మాయిని నీ చేతిలో పెట్టినప్పుడు కూడా నేనింత బెంగ పెట్టుకోలేదు. అది నోరున్న పిల్ల. ఇది కాదు," అంది.

ఆ కుక్క పేరు దిండు. ఆకారం చూసి పెట్టిన పేరే. దాని మొహం గోడకు అదిమిపెట్టినట్టు చప్పిడిగా ఉంటుంది. ముక్కు ఉండాల్సిన చోట రెండు రంధ్రాలు మాత్రం ఉంటాయి. మెలకువగా ఉన్నా గురక పెడుతుంది. అత్తగారు దాన్ని ఏళ్ళ తరబడి ఒళ్ళో పెట్టుకుని పెంచింది. ఆవిడ మోకాలు పోవడంలో దిండు వాటా ఎంతో ఎవరూ పైకి అనలేదు.

పశువుల డాక్టరమ్మ కళ్ళజోళ్ళాయనను ఎదురుగా కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది.

"దీన్ని రోజూ నడిపించాలి. లేకపోతే ఒళ్ళొచ్చి ఊపిరాడదు. ఎండలో మాత్రం నడిపించకూడదు. చప్పిడి ముక్కు కుక్కలు ఎంత రొప్పినా వాటి ఒళ్ళు తొందరగా చల్లబడదు. తెల్లారుతుండగా తీసుకెళ్ళండి. ముందు మీ చెయ్యి వెనకవైపు నేలకి ఆనించి చూడండి. మీ చెయ్యి ఓర్చుకోలేనిది దాని పాదాలూ ఓర్చుకోలేవు. వెంట నీళ్ళు ఉంచుకోండి. అంతే."

అంత పెద్ద డిగ్రీలున్న మనిషి ఇంత చిన్న సలహా ఇచ్చినందుకు కళ్ళజోళ్ళాయన కొంచెం నిరాశపడ్డాడు కూడా.

మర్నాడు తెల్లవారుజామున దిండుతో కిందికి దిగాడు. ఆకాశం ఇంకా బూడిదరంగులోనే ఉంది. గాలి హాయిగా వీస్తోంది. వంగి, చెయ్యి వెనకవైపు నేలకు ఆనించాడు. కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. దిండు అటూ ఇటూ చూసి, తనకు ఇష్టం లేకపోయినా పెద్దవాళ్ళ మాట కాదనలేని పిల్లలా నాలుగడుగులు వేసింది. అంతలో వాచ్‌మన్ ఈల ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఆగండి సార్! పాసేదీ?"

"పాసెందుకయ్యా? ఎండే లేదుగా!"

"ఎండ లేదని ఎవరన్నారు సార్?"

కళ్ళజోళ్ళాయన ఆకాశం వైపు చూపించాడు. వాచ్‌మన్ మర్యాదగా తలెత్తి చూసి, మళ్ళీ దించాడు.

"నేను కాదనట్లేదు సార్. చల్లగానే ఉంది. నాకూ హాయిగానే ఉంది. కానీ చల్లగా ఉన్నట్టు ఆఫీసు నుంచి ఇంకా రాలేదు కదా. వచ్చేదాకా ఇది అనధికార చల్లదనం కిందికొస్తుంది. ఇందులో కుక్కని తిప్పితే మొదటిసారికి హెచ్చరిక. ఇంకోసారి దొరికితే కుక్కని ఇక్కణ్ణించి ఖాళీ చేయిస్తారు."

"ఎక్కడికి?"

"అది రూల్లో రాయలేదు సార్. ఖాళీ అని మాత్రం ఉంది."

మోకాలికి కట్టుతో తిరిగొచ్చే అత్తగారికి ఖాళీ గొలుసు అందించడం కళ్ళజోళ్ళాయన కళ్ళముందు కదలాడింది. పోనీ గేటు బయట తిప్పుదామంటే గేటు దాటడానికీ అదే పాసు కావాలి. ఇంట్లోనే భోజనాల బల్ల చుట్టూ తిప్పిచూశాడు. దిండు మొదటి మలుపులోనే బల్ల కిందికి దూరి గురక పెట్టింది. ఇక గత్యంతరం లేక ఆఫీసుకు వెళ్ళాడు.

ఆఫీసు తెరిచే వేళకు సూర్యుడు కూడా తన డ్యూటీలో బాగా కుదురుకుని ఉంటాడు. ఆఫీసు ముందు పెద్ద సిమెంటు చప్టా ఉంది. అక్కడ ఒకప్పుడు ఒక చెట్టు ఉండేదట. 'ఎండ నుంచి మీ శునకాన్ని కాపాడుకోండి' అనే బోర్డుకు కొమ్మలు అడ్డం వస్తున్నాయని కొట్టించారు. ఇప్పుడు బోర్డు ఎటునుంచి చూసినా స్పష్టంగా కనిపిస్తుంది. దాని కిందే క్యూ. పాసు కావలసిన కుక్క స్వయంగా హాజరు కావాలన్నది నిబంధన. యజమాని రావడం ఐచ్ఛికం. (కుక్క ఒక్కటే వచ్చిన సందర్భాలు లేవు గానీ, వస్తే అభ్యంతరం లేదు.)

క్యూ చివర గాజు తలుపు, దాని వెనక ఏసీ గది, అందులో ఉష్ణాధికారి. ఆయన ఉద్యోగకాలమంతా ఒక బ్యాంకులో సంతకాలు పోల్చి చూసిన మనిషి. రిటైరయినా చూపు మాత్రం రిటైరవలేదు. అందుకని ప్రతి కుక్క పాదముద్రా ముందే నమూనాగా తీసుకుని, రోజూ వచ్చిన కుక్క చేత మళ్ళీ వేయించి, భూతద్దంతో పోల్చేవాడు.

"ఈ చిటికెన వేలు మొన్న కొంచెం వంకరగా పడింది. ఇవాళ తిన్నగా ఉంది. ఇది వేరే కుక్కేమో," అన్నాడు ఒకరోజు దిండు ముద్ర చూసి.

"వేరే కుక్కయితే నా వెంట ఎందుకొస్తుందండీ?"

"అది మీ ఇద్దరికీ సంబంధించిన విషయం. మాకు ముద్ర కలవాలి."

ముద్ర కలిశాక నేల పరీక్ష. మొదట్లో ఉష్ణాధికారి పాపం చిత్తశుద్ధితో నడకదారికి వెళ్ళి తన చేతినే నేలకు ఆనించేవాడు. ఒకరోజు బొబ్బలెక్కింది. అధికారికే బొబ్బలెక్కితే కుక్కల భద్రత ఎవరు చూస్తారని ఉపసంఘం అత్యవసరంగా సమావేశమై, ఆయన నేల దగ్గరకు వెళ్ళే పద్ధతి రద్దుచేసి, నేలనే ఆయన దగ్గరకు పిలిపించింది. నడకదారిలోంచి ఒక రాతి పలకను పెకలించి తెచ్చి, ఆయన కుర్చీ పక్కన, ఏసీకి సరిగ్గా ఎదురుగా పెట్టారు. దాన్ని నమూనా పలక అంటారు. ఉష్ణాధికారి ఒక్కొక్క కుక్కకూ విడివిడిగా చెయ్యి తిప్పి ఆ పలకకు ఆనించి, కళ్ళు మూసుకుని, నిదానంగా అంకెలు లెక్కపెట్టి, "చల్లగానే ఉంది," అని ఆ పూటకు మాత్రమే చెల్లే పాసు ఇచ్చేవాడు. ఆ పాసు పట్టుకుని కుక్కలు బయటికొచ్చేసరికి నడకదారి మీద గాలి కూడా వణుకుతూ కనిపించేది. పలక పెకలించిన చోట గుంట ఒకటి అదనం.

"అయ్యా, పొద్దున్నే అందరూ పడుకుని ఉన్నప్పుడు నిజంగానే చల్లగా ఉంటోంది. అప్పుడే తిప్పుకోనివ్వొచ్చు కదా?" అని కళ్ళజోళ్ళాయన వినయంగా అడిగాడు.

ఉష్ణాధికారి జాలిగా చూశాడు. "చూడండీ, పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉండే నేలని నమ్ముకుని భద్రత ఎలా నడుపుతాం? ఈ పలక చూడండి. ఏ వేళ చూసినా ఒక్కలాగే ఉంటుంది. నిలకడ ముఖ్యం."

చప్పిడి ముక్కు కుక్కలకు క్యూలో ముందు చోటు ఇచ్చే వెసులుబాటు ఉందని ఎవరో చెబితే, కళ్ళజోళ్ళాయన ఆశగా పక్క బల్ల దగ్గరున్న కంప్యూటరమ్మాయి దగ్గరకు వెళ్ళాడు. ఆ అమ్మాయి వివరాలన్నీ ఎక్కించి ఒకచోట ఆగింది.

"ముక్కు పొడవు ఎంత సార్?"

"లేదమ్మా. అదే కదా దాని బాధ."

"లేదంటే తీసుకోవట్లేదు సార్. సున్నా కొట్టినా ఎర్రగా వస్తోంది. ఏదో ఒక కొలత ఉండాలి." ఆ అమ్మాయి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మీ ముక్కు కొలత పెట్టెయ్యనా? ఎవరొచ్చి చూస్తారు?"

అలా దిండు పేరు రికార్డుల్లోకి తిన్నటి, పొడవాటి ముక్కుతో ఎక్కింది. అంత ముక్కున్న కుక్కకు ముందు చోటు ఎందుకని వెసులుబాటు తిరస్కరించారు. కళ్ళజోళ్ళాయనకు తల ప్రాణం తోకకొచ్చింది. (తోక ఉన్నది దిండుకు గనక, భారం ఇద్దరూ పంచుకున్నారు.)

రోజులు అలాగే గడిచాయి. పొద్దున్నే కిటికీలోంచి చల్లటి నడకదారిని చూడటం, ఎండెక్కాక వెళ్ళి క్యూలో నిలబడటం, పాసు తీసుకుని నడకదారి దాకా పోకుండా గోడ నీడన నక్కుతూ ఇంటికి రావడం. దుకాణం రోజూ ఆలస్యంగా తెరవాల్సి వచ్చేది. అత్తగారు సాయంత్రం ఫోన్ చేసి కూతురితో రెండు మాటలు మాట్లాడి, ఫోను కుక్క చెవి దగ్గర పెట్టమనేది. దిండు గురక విని, "రోజూ నడుస్తోందా బాబూ?" అని అడిగేది. "ఆ, రోజూ వెళ్తున్నామండీ," అనేవాడు. అందులో అబద్ధం ఏమీ లేదు గానీ, ఫోను పెట్టేశాక ఆయనకు మనసు మనసులో ఉండేది కాదు.

ఆ వేసవిలోకెల్లా మండిపోయిన రోజు రానే వచ్చింది. క్యూ కదలడం లేదు. లోపల ఎవరిదో పాదముద్ర తేలడం లేదట. కళ్ళజోళ్ళాయన ఎప్పటిలాగే తన నీడలో దిండును నిలబెట్టాడు. ఆయనది బక్కపలచని నీడ. దిండులో సగం దాని బయటే ఉంది. తెచ్చిన నీళ్ళు అయిపోయాయి. కుళాయి నడకదారి లోపల ఉంది. లోపలికి పోవాలంటే పాసు కావాలి.

దిండు రొప్పడం మొదలుపెట్టింది. ముందు మామూలుగానే రొప్పింది. తరవాత ఆ రొప్పు గరగరలాడింది. నాలుక బారెడు బయటికి వేలాడి ముదురు ఎరుపుకు తిరిగింది. చొంగ తీగలు తీగలుగా కారింది. అది ఒకసారి ఆయన మొహంలోకి చూసి, కాళ్ళు నాలుగూ చాపుకుని సిమెంటు మీద కూలబడింది. పిలిచినా కళ్ళు తిప్పలేదు.

కళ్ళజోళ్ళాయన పై ప్రాణాలు పైనే పోయాయి. తన చేతిలో పెట్టిన నోరులేని జీవం తన కాళ్ళ దగ్గరే పోతోందని ఆయనకు అర్థమైంది. ఆ కుక్క తనకు అత్తగారి సొత్తు మాత్రమే కాదని కూడా ఆ క్షణంలోనే, చాలా ఆలస్యంగా అర్థమైంది.

వెనక నిలబడ్డ టైలరమ్మ తన సీసా ముందుకు చాచింది. ఆవిడది ఒళ్ళంతా దట్టమైన నల్లబొచ్చున్న ముసలి కుక్క. ఆ సీసాలో ఉన్నవి దాని నీళ్ళే.

"అన్నయ్యగారూ, పొయ్యండి, పొట్ట మీద పొయ్యండి! మాది ఆగుతుందిలెండి. ముందు దీన్ని చల్లటి చోటికి తీసుకుపొండి!"

ఆయన దిండును బియ్యం బస్తాలా భుజాన వేసుకున్నాడు. చుట్టుపక్కల ఎక్కడుంది చల్లటి చోటు? ఒక్కటే ఉంది. క్యూ దాటుకుని, గాజు తలుపు మోకాలితో నెట్టుకుని, ఉష్ణాధికారి గదిలోకి దూసుకుపోయి, దిండును నమూనా పలక మీద బోర్లా పడుకోబెట్టాడు.

"ఏమండీ! అది నమూనా!" ఉష్ణాధికారి కుర్చీలోంచి లేచాడు. "దాన్ని ఎవరూ తాకకూడదు!"

కళ్ళజోళ్ళాయనకు ఆ మాట వినపడలేదు. ఆయన డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఆవిడ ఫోన్లోనే గట్టిగా చెప్పింది. "మామూలు నీళ్ళతో పొట్టా, కాళ్ళూ తడుపుతూనే ఉండండి. ఐసు పెట్టొద్దు. గాలి బాగా తగలనివ్వండి. నోట్లో బలవంతంగా నీళ్ళు పొయ్యకండి, అదే తాగితే తాగనివ్వండి. నేను బయల్దేరాను." కంప్యూటరమ్మాయి లేచి ఫ్యాను ఇటు తిప్పి, ఉష్ణాధికారి మంచినీళ్ళ కూజా తెచ్చి ఇచ్చింది. టైలరమ్మ పక్కన కూర్చుని దిండు పాదాలు తడిపింది. తెరిచిన తలుపులోంచి క్యూలో ఉన్న కుక్కలన్నీ ఎవరి అనుమతీ అడగకుండా లోపలికొచ్చి, చల్లటి గచ్చు మీద వరసగా పొట్టలు ఆనించి పడుకున్నాయి. యజమానులు వాటి పక్కన నిలబడ్డారు.

డాక్టరమ్మ వచ్చేసరికి దిండు తల ఎత్తింది. సూది మందు ఇచ్చేసరికి కోపంగా చూసింది. కూజాలో నీళ్ళు తాగి, అదే పలక మీద గురక పెట్టింది. గురక అంత తీయగా ఉంటుందని కళ్ళజోళ్ళాయనకు అంతవరకూ తెలియదు. అందరి ముందూ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

ఉష్ణాధికారి కూడా మనిషే. ఆయన దిండు పక్కకు వంగి, ఖాళీగా ఉన్న పలక అంచుకు చెయ్యి ఆనించి, అంకెలు లెక్కపెట్టి, తెల్లబోయాడు. కుక్క ఒంటి వేడికి పలక వెచ్చబడింది. ఉపసంఘం చరిత్రలో మొదటిసారి, ఆ రోజు నేల వేడిగా ఉన్నట్టు అధికారికంగా తేలింది. వెంటనే నడకలన్నీ రద్దయ్యాయి.

విచారణ నివేదిక వారం తిరక్కుండానే వచ్చింది. దాని ప్రకారం, వడదెబ్బ తగిలిన సమయంలో సదరు శునకం నడవడం లేదు, నిలబడి ఉంది. నిలబడటం వ్యాయామం కిందికి రాదు. కాబట్టి వ్యాయామ సమయంలో వడదెబ్బ తగిలిన కుక్కలు ఈ ఏడాది ఒక్కటీ లేవు. పైగా ఆ రోజు ప్రమాదాన్ని పలక సకాలంలో పసిగట్టి నడకలను ఆపించింది. పొడవాటి ముక్కున్న కుక్కకు ఇలా ఎందుకయిందన్నది మాత్రం వైద్యశాస్త్రం తేల్చాల్సిన విషయం. పద్ధతి జయప్రదమైనందుకు ఉపసంఘం తనను తాను అభినందించుకుంది.

అయితే కళ్ళజోళ్ళాయన ఊరుకునేలా లేడని అధ్యక్షులవారికి కబురందింది. నిజంగానే ఆయన ఊరుకోదలచుకోలేదు. నలుగురినీ కూడగట్టి, తెల్లవారుజామున అందరూ కుక్కలతో ఒకేసారి కిందికి దిగాలని టైలరమ్మతో మాట కూడా అనుకున్నాడు. ఆ సాయంత్రమే అధ్యక్షులవారు స్వయంగా ఇంటికొచ్చారు. దిండు తల నిమిరారు. దాని ముక్కు చూసి మనస్ఫూర్తిగా నొచ్చుకున్నారు.

"మీలాంటి అనుభవం ఉన్నవాళ్ళే మాకు కావాలండీ. ఉపసంఘంలోకి రండి. బయటుండి అనే మాటకన్నా లోపలుండి అనే మాటకి విలువెక్కువ. అన్నట్టు, సభ్యుల కుక్కలకి పాసు అక్కర్లేదు. విధి నిర్వహణలో భాగంగా ఏ వేళైనా నేలని పరిశీలించొచ్చు. తెల్లారుజామునైనా సరే."

కళ్ళజోళ్ళాయన దిండు వైపు చూశాడు. అత్తగారు వచ్చే రోజు దగ్గరపడుతోంది. ఒప్పుకున్నాడు.

మొదటి సమావేశంలోనే తెల్లవారుజాము సంగతి గట్టిగా అడిగేద్దామని వెళ్ళాడు. లోపల చల్లగా ఉంది. కుర్చీ మెత్తగా ఉంది. మొదటిరోజే ఎందుకులే, రెండో సమావేశంలో అడుగుదామనుకున్నాడు. రెండోదానిలో అడిగాడు కూడా. "చాలా మంచి పాయింటు," అన్నారందరూ. దాన్ని పరిశీలించడానికి ఒకరిని నియమించాలన్నారు. ఆయన్నే నియమించారు.

అత్తగారు చేతికర్రతో తిరిగొచ్చింది. దిండు సన్నబడి, హుషారుగా ఎదురు పరుగెత్తింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బంగారంలా చూసుకున్నావు బాబూ," అంది. కళ్ళజోళ్ళాయన పొంగిపోయి, జరిగిందంతా చెప్పాడు. క్యూ, పలక, టైలరమ్మ నీళ్ళు, సభ్యత్వం, ఇప్పుడు రోజూ చీకటుండగానే తామిద్దరూ ఆ చల్లటి దారంతా ఒంటరిగా తిరిగి రావడం. ఆవిడ అంతా విని, దిండు చెవి వెనక గోకుతూ అడిగింది.

"మరి మిగతా కుక్కలో?"

"అది పరిశీలనలో ఉందత్తయ్యగారూ."

ఆవిడ కర్ర అందుకుని, దిండును పిలుచుకుని లోపలికి వెళ్ళింది. అల్లుడి తప్పు దొరికాక ఆవిడ ఒక్క మాటా అనకుండా వెళ్ళడం, పెళ్ళయినప్పటి నుంచీ ఆయన ఎరిగి అదే మొదటిసారి.

మర్నాడు ఉష్ణాధికారికి జలుబు చేసింది. (ఏసీ పడక.) ఆయన కుర్చీలో ఒక్కరోజుకు కళ్ళజోళ్ళాయనను కూర్చోమన్నారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. గాజు తలుపులోంచి క్యూ చాలా చక్కగా, ఒద్దికగా కనిపిస్తోంది. ముందు నిలబడ్డది టైలరమ్మ. పక్కన నల్లకుక్క నాలుక వేలాడేసుకుని, ఒక పాదం ఎత్తి ఇంకోటి దించుతోంది. ఆవిడ తలుపు కొంచెం తోసి, ఆయన్ని చూసి, ప్రాణం లేచొచ్చినట్టు నవ్వింది.

"మీరే ఉన్నారా అన్నయ్యగారూ! మీకు నేను చెప్పాలా? రేపట్నుంచి పొద్దున్నే తిప్పుకోనివ్వండి. బయట నిలబడలేకపోతున్నాం, నేల కాలిపోతోంది."

కళ్ళజోళ్ళాయన ఆవిడ మాట కొట్టిపారేయలేదు. పక్కకు వంగి, చెయ్యి తిప్పి, వెనకవైపు పలకకు ఆనించి, కళ్ళు మూసుకుని, ఒక్క అంకె కూడా వదలకుండా నిదానంగా లెక్కపెట్టాడు.

"చల్లగానే ఉందమ్మా," అన్నాడు.